వికటకవిని జావా ఎందుకు ఒప్పుకోలేదు?

పోయిన వేసవి సెలవుల్లో నేను జావా అనే కంప్యూటర్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టాను. డెస్క్‌టాప్ మీద నడిచే ప్రోగ్రాములూ, ఫోన్‌లో నడిచే యాప్‌లూ రెండూ ఒకే భాషతో రాయవచ్చని మా కంప్యూటర్ సార్ చెప్పారు. అందుకే దాన్ని ఎంచుకున్నాను.

రెండో వారంలో ఒక లెక్క ఇచ్చారు. ఒక మాటను ముందు నుంచి చదివినా, వెనక నుంచి చదివినా ఒకేలా ఉంటే "అవును" అనాలి, లేకపోతే "కాదు" అనాలి. ప్రోగ్రాము రాసి, ఇంగ్లీషు అక్షరాల్లో "మేడమ్" అని కొట్టాను. ఎమ్, ఎ, డి, ఎ, ఎమ్. "అవును" అని వచ్చింది. ఇక మనకు తెలిసిన మాట ఒకటి ఉంది కదా అని "వికటకవి" అని కొట్టాను. తెనాలి రామకృష్ణుడి కథలో చిన్నప్పటి నుంచి వింటున్న మాట. ఎటు నుంచి చదివినా వికటకవే. కానీ జావా "కాదు" అంది. ఆటకు "తాత" అని కొట్టి చూశాను. వెనక నుంచి చదివితే "తతా" అవుతుంది కాబట్టి "కాదు" అని రావాలి. జావా మాత్రం "అవును" అంది.

నా ప్రోగ్రాములో తప్పేమో అని నాలుగుసార్లు చూసుకున్నాను. చివరికి సార్‌కు చూపించాను. ఆయన నవ్వి, "నువ్వు రాసింది సరిగానే ఉందమ్మా. ఈ భాష ఎక్కడ పుట్టిందో, ఎట్లా వచ్చిందో చదువు. అప్పుడు వికటకవి సంగతి నీకే తెలుస్తుంది" అన్నారు. ఆ సెలవుల్లో నేను చదివిన చరిత్రే ఈ వ్యాసం.

అట్టల కాలం

ఆ చరిత్ర మా ఇంటి పని దగ్గరే మొదలవుతుందని నేను అనుకోలేదు. మన సోలాపూర్ తెలుగువాళ్ళలో చాలామందిలాగే మాదీ నేత కుటుంబం. మా తాత ముందు చేతి మగ్గం నేసి, తర్వాత సాంచెల మీద చద్దర్లు నేశాడు. మా ఇళ్ళల్లో పవర్‌లూమ్‌ను సాంచె అనే అంటాం. చద్దరు మీద నెమలో, పువ్వో రావాలంటే సాంచె పైన జకార్డు ఉండాలి. జకార్డుకు అట్టలు ఉంటాయి. అట్టలో రంధ్రం ఉన్న చోట పడుగు పోగు పైకి లేస్తుంది, రంధ్రం లేని చోట లేవదు. ఒక్కో అట్టకు ఒక్కో పేక పోగు పడుతుంది. అట్టలన్నీ వరుసగా తిరిగితే నెమలి తయారవుతుంది.

జకార్డు అన్నది ఒక మనిషి పేరు. ఫ్రాన్సులోని లియాన్ పట్టణానికి చెందిన జోసెఫ్ మరీ జకార్డు 1804లో ఈ యంత్రాన్ని తయారుచేశాడు. 1839లో అదే పద్ధతిలో ఆయన బొమ్మనే పట్టు మీద నేశారు. దానికి సుమారు 24,000 అట్టలు పట్టాయి. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ ఆ పట్టుబొమ్మను సంపాదించి ఇంట్లో పెట్టుకున్నాడు. తాను కట్టాలనుకున్న లెక్కల యంత్రానికి కూడా అట్టలతోనే పని చెప్పాలని ఆయన ఆలోచన. ఆ యంత్రం గురించి 1843లో అడా లవ్‌లేస్ రాసిన వివరణలో దాన్ని జకార్డు మగ్గంతోనే పోల్చింది. తర్వాత 1890లో అమెరికాలో జనాభా లెక్కలను హోలెరిత్ రంధ్రాల అట్టలతో లెక్కించాడు. కంప్యూటర్లు వచ్చాక కూడా చాలా ఏళ్ళ పాటు ప్రోగ్రాములను అట్టల మీదే రంధ్రాలుగా కొట్టేవారు.

ఈ సంగతి తాతకు చెప్తే, "అట్లనా బిడ్డా! అయితే మేము గూడ గిదే చదువు చదివినం, ఎవ్వలు సర్టిఫికెట్ ఇయ్యలె" అన్నాడు.

నార్వే నుంచి వచ్చిన ఆలోచన

మొదటి కాలంలో ప్రోగ్రాము అంటే ఒక పొడుగాటి జాబితా. ఇది చెయ్యి, తర్వాత ఇది చెయ్యి, అది అయితే అటు పో, ఇట్లా ఉండేది. పని పెద్దదైతే ఆ జాబితా చిక్కుపడిన పోగులాగా అయ్యేది. ఎక్కడ ముడి పడిందో దొరకదు.

దీనికి కొత్త దారి నార్వే దేశంలో దొరికింది. ఓస్లోలోని నార్వే కంప్యూటింగ్ సెంటర్‌లో క్రిస్టెన్ నీగార్డ్, ఉలె యోహాన్ డాల్ అనే ఇద్దరు 1960లలో సిమ్యులా అనే భాషను తయారుచేశారు. కర్మాగారంలో పని ఎట్లా నడుస్తుంది, ఎక్కడ వస్తువులు వరుస కట్టి ఆగిపోతాయి అన్నది కంప్యూటర్‌లో ముందే నడిపి చూడాలని వాళ్ళ ఉద్దేశం. అట్లా చూడాలంటే పనుల జాబితా ఒక్కటే చాలదు. అక్కడ ఉన్న ఒక్కో యంత్రం, ఒక్కో బండి కంప్యూటర్‌లో కూడా ఒక్కో వస్తువుగా ఉండాలి. ప్రతి వస్తువుకు తన గుణాలు, తన పనులు ఉండాలి. 1967 నాటి సిమ్యులాలో క్లాస్, ఆబ్జెక్ట్ అనే పద్ధతి పూర్తిగా వచ్చింది. ఈ రోజు ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అని మనం చదివే భాషలన్నింటికీ మూలం అదే.

క్లాస్‌కు, ఆబ్జెక్ట్‌కు తేడా పుస్తకంలో చదివితే నాకు అర్థం కాలేదు. అట్టలతో పోల్చుకుంటే అర్థమైంది. నెమలి అట్టల కట్ట ఒకటే ఉంటుంది. అది క్లాస్. ఆ కట్టతో నేసిన ప్రతి చద్దరూ ఒక ఆబ్జెక్ట్. ఒకదానికి ఎర్ర నూలు, ఇంకోదానికి ఆకుపచ్చ నూలు ఉండవచ్చు, పొడవులు వేరు కావచ్చు, నెమలి మాత్రం అదే. అట్టల కట్టను ఎవరూ కప్పుకోరు, చద్దరునే కప్పుకుంటారు. అట్లాగే క్లాస్ రాసినంత మాత్రాన సరిపోదు, దాని నుంచి ఆబ్జెక్టులు చేసుకొని వాడాలి. అంచు పాతదే ఉంచి నడిమి బొమ్మ మాత్రం మారిస్తే? పాత క్లాస్ నుంచి కొత్త క్లాస్ తీసుకోవడం అన్నమాట. దాన్ని ఇన్హెరిటెన్స్ అంటారు. అదీ సిమ్యులాలోనే వచ్చింది.

నాకు బాగా నచ్చిన విషయం ఇంకొకటి ఉంది. 1970ల మొదట్లో నీగార్డ్ నార్వేలోని ఇనుము, లోహ కార్మికుల సంఘంతో కలిసి పనిచేశాడు. కర్మాగారాల్లోకి కంప్యూటర్లు వస్తే కార్మికుల పని ఏమవుతుంది, ఆ యంత్రం ఎట్లా ఉండాలన్న దాంట్లో వాళ్ళ మాట ఎట్లా చెల్లాలి అన్నది ఆ పని. కార్మికులు ముందుగా ఆ యంత్రం గురించి తెలుసుకోవాలి, తర్వాత తమ మాట చెప్పాలి అన్నది ఆయన నమ్మకం. ఇది చదివి వినిపించినప్పుడు తాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మా చేతి మగ్గాలు తీసి సాంచెలు పెట్టిన నాడు మమ్ములనెవ్వలూ అడగలె" అన్నాడు.

డాల్, నీగార్డ్ ఇద్దరికీ కలిపి కంప్యూటర్ శాస్త్రంలో అతి పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు 2001వ సంవత్సరానికి ఇచ్చారు. 2002లో కొద్ది వారాల తేడాతో ఇద్దరూ చనిపోయారు.

ఇక్కడ మనం ఒక లెక్క చూసుకోవాలి. సిమ్యులాలో క్లాసులు వచ్చిన 1967లో నార్వే జనాభా నలభై లక్షల లోపే. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 8 కోట్ల పైన. చిన్న భాష మాట్లాడేవాళ్ళు పెద్ద ఆలోచన చేయలేరు అనేది ఎంత తప్పో దీంతో తెలుస్తుంది.

పిల్లల కోసం ఒక భాష

సిమ్యులాను చూసి అమెరికాలో అలన్ కే అనే ఆయనకు ఇంకో ఆలోచన వచ్చింది. కంప్యూటర్ పుస్తకమంత చిన్నదిగా ఉండి, పిల్లలు కూడా దానికి పని చెప్పగలగాలి అని. పాలో ఆల్టోలో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో 1972 నుంచి ఆయన, డాన్ ఇంగల్స్, అడెల్ గోల్డ్‌బర్గ్ కలిసి స్మాల్‌టాక్ అనే భాషను పెంచారు. దాన్ని నిజంగానే బడిపిల్లలకు నేర్పి చూశారు. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అనే పేరు పెట్టింది కూడా అలన్ కేనే. తెర మీద ఒకదానిపై ఒకటి పరుచుకునే కిటికీలు, మౌస్‌తో నొక్కే మెనూలు ఆ కేంద్రంలోనే పెరిగాయి. మన ల్యాబ్‌లో కంప్యూటర్ పెట్టగానే కనిపించే డెస్క్‌టాప్ ఆ రోజుల నుంచి వచ్చిందే.

అదే సమయంలో డెన్మార్క్ వాడైన బ్యార్నె స్త్రౌస్త్రుప్ సిమ్యులాలోని క్లాసులను, వేగంగా నడిచే సి భాషను కలపాలని 1979లో మొదలుపెట్టాడు. అదే సి ప్లస్ ప్లస్ అయింది.

ఓక్ చెట్టు నుంచి జావా దాకా

ఇక జావా కథ. 1991లో అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్‌లో కెనడా దేశస్థుడు జేమ్స్ గోస్లింగ్, మైక్ షెరిడన్, పాట్రిక్ నాటన్ గ్రీన్ ప్రాజెక్టు అనే పని మొదలుపెట్టారు. వాళ్ళు చేయాలనుకున్నది కంప్యూటర్ కాదు, ఇంట్లో వాడే చిన్న చిన్న ఎలక్ట్రానిక్ పరికరాలకు ఒక భాష. 1992లో స్టార్ సెవెన్ అనే పరికరం చేశారు. చేతిలో పట్టుకునేది, తెరను వేలితో తాకి నడిపేది. అంటే జావా మొదటి నుంచీ చేతిలో పట్టే పరికరం కోసం పుట్టిందే అన్నమాట. గోస్లింగ్ ఆఫీసు బయట ఉన్న ఓక్ చెట్టు పేరే ముందు భాషకు పెట్టారు. ఆ పేరు అప్పటికే వేరేవాళ్ళది కాబట్టి జావా అని మార్చారు. జావా దీవిలో పండే కాఫీ పేరు అది. 1995 మే 23న లోకానికి ప్రకటించారు.

ఇందులో కొత్త సంగతి ఏమిటంటే, ఒక్కో రకం యంత్రానికి ఒక్కోసారి రాయనక్కర్లేదు. మనం రాసిన ప్రోగ్రామును ముందుగా బైట్‌కోడ్ అనే మధ్య రూపంలోకి మారుస్తుంది. ప్రతి యంత్రంలో జావా వర్చువల్ మెషిన్ అనేది ఉండి దాన్ని చదివి నడుపుతుంది. అందుకే అదే ప్రోగ్రాము విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ నడుస్తుంది.

డెస్క్‌టాప్ మీద బటన్లు, పెట్టెలు గీసుకోవడానికి 1998లో జావాతో పాటు స్వింగ్ వచ్చింది. 2000 తర్వాత బటన్ల ఫోన్లలో మన అన్నలు ఆడుకున్న ఎన్నో ఆటలు జావావే. 2008లో ఆండ్రాయిడ్ ఫోన్లు వచ్చినప్పుడు వాటి యాప్‌లు కూడా జావాలోనే రాయాలని గూగుల్ నిర్ణయించింది. 2010లో సన్ కంపెనీని కొన్న ఒరాకిల్, అదే ఏడు గూగుల్ మీద కేసు వేసింది. జావా నుంచి సుమారు 11,500 వరుసలు తీసుకున్నారన్నది అందులో ముఖ్యమైన తగవు. 2021 ఏప్రిల్‌లో అమెరికా సుప్రీంకోర్టు గూగుల్ వైపు తీర్పు ఇచ్చింది. ఈలోగా 2017లో కోట్లిన్ అనే భాషకు కూడా ఆండ్రాయిడ్‌లో చోటు దొరికింది. చిత్రమేమిటంటే కోట్లిన్ కూడా ఒక దీవి పేరే, రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గర ఉంది.

మన అక్షరానికి అంకె

ఇప్పుడు వికటకవి దగ్గరికి వద్దాం. కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ప్రతి అక్షరానికి ఒక అంకె ఇవ్వాలి. మొదట్లో ఇచ్చిన అంకెలు ఇంగ్లీషుకు సరిపోయినన్నే. మన భారతీయ లిపుల కోసం ఇస్కీ అనే పద్ధతి వచ్చింది. 1991లో ప్రపంచ లిపులకు ఒకే పట్టికగా యూనికోడ్ మొదటి సంచిక వచ్చింది. అందులో తెలుగు ఉంది. "అ" అక్షరం అంకె 3077, "క" అంకె 3093. మనం సోలాపూర్‌లో కొట్టినా, విజయవాడలో కొట్టినా, అమెరికాలో కొట్టినా అవే అంకెలు.

జావాను తయారుచేసినవాళ్ళు మొదటి రోజు నుంచే ఈ యూనికోడ్‌ను తీసుకున్నారు. అందుకే జావాలో తెలుగు మాటలను దాచుకోవచ్చు. అంతే కాదు, క్లాసులకు, గుణాలకు తెలుగులోనే పేర్లు పెట్టవచ్చు. నేను "రంగు", "పొడవు" అని పెట్టి చూశాను, ఏ తప్పూ చూపించలేదు. జావా తన కోసం పెట్టుకున్న ఇంగ్లీషు మాటలు సుమారు యాభై. మిగతా పేర్లు మన ఇష్టం.

మరి వికటకవిని ఎందుకు ఒప్పుకోలేదు? ఎందుకంటే యూనికోడ్‌లో "వి" ఒక అంకె కాదు, రెండు. "వ" ఒకటి, గుడి ఒకటి. మనం వి, క, ట, క, వి అని ఐదు లెక్కపెడతాం. జావా వ, గుడి, క, ట, క, వ, గుడి అని ఏడు లెక్కపెడుతుంది. తిరగేస్తే గుడి ముందుకు వచ్చి, "వ" దాని వెనక పడుతుంది. ఇక ఒకేలా ఎట్లా ఉంటుంది? "తాత"లో త, దీర్ఘం, త అని మూడు. తిరగేసినా త, దీర్ఘం, త. అందుకే "అవును" అంది.

తప్పు ఎవరిదీ కాదు. గుణింతం అంటే ఏమిటో, ఒత్తు అంటే ఏమిటో దానికి ఎవరూ చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. ఇంగ్లీషు మాటకు సరిపోయే ప్రోగ్రాము రాసి, తెలుగు మాట ఇచ్చాను.

ఇది ఆటలో వచ్చిన చిన్న తేడా అనుకోకండి. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు మూసుకుపోయిన సంగతి లోకమంతా వార్త అయింది. అది "జ్ఞా" అక్షరం. ఆ గుర్తులు ఒక ప్రత్యేకమైన వరుసలో వస్తే తెర మీద గీయడంలో తప్పు జరిగేది. కొద్ది రోజుల్లోనే ఆపిల్ కంపెనీ దాన్ని సరిచేసింది. జ్ఞానం అనే మాటలో మొదటి అక్షరమే యంత్రానికి అర్థం కాలేదు! ఆ వార్త వచ్చినప్పుడు అందరూ నవ్వారట. నాకు మాత్రం, మన లిపి గురించి యంత్రానికి చెప్పాల్సింది ఇంకా ఎంతో మిగిలి ఉందనిపించింది.

అక్షరం అనే క్లాస్

సార్ అప్పుడు ఒక మాటే అన్నారు. "సిమ్యులా వాళ్ళు ఏం చేశారు? తమ లోకంలో ఉన్న వస్తువును కంప్యూటర్‌లో కూడా వస్తువుగా చేశారు. నీ లోకంలో వస్తువు ఏది?"

నా లోకంలో వస్తువు అక్షరం. కాబట్టి "అక్షరం" అనే పేరుతోనే ఒక క్లాస్ రాశాను. ఒక హల్లు లేదా అచ్చు, దానితో పాటు వచ్చే గుణింతపు గుర్తులు, సున్న అన్నీ కలిపి ఒకే ఆబ్జెక్ట్. పొల్లు వచ్చి, దాని వెంట ఇంకో హల్లు వస్తే అది ఒత్తు, దాన్ని కూడా ఇందులోనే కలుపుకోవాలి. మాటను ముందు ఇట్లా అక్షరాలుగా విడగొట్టి, తర్వాత ఆ ఆబ్జెక్టులను తిరగేశాను. మూడు రోజులు పట్టింది. ఒత్తుల దగ్గర రెండుసార్లు తప్పు పోయింది. "మగ్గం" అనే మాటను మొదట మూడు ముక్కలు చేసింది, తర్వాత సరిగా "మ", "గ్గం" అని రెండు చేసింది.

చివరికి "వికటకవి" కొట్టాను. "అవును" అని వచ్చింది. "తాత" కొట్టాను. "కాదు" అని వచ్చింది. తాతను పిలిచి చూపిస్తే, "నన్ను కాదన్నదా నీ డబ్బా?" అని నవ్వాడు.

తర్వాత మా నాయిన కార్ఖానాలో నేసిన చద్దర్ల లెక్క రాసుకునే నోటుబుక్కును ఒక చిన్న ప్రోగ్రాముగా చేశాను. అందులో "చద్దరు" ఒక క్లాస్, దానికి రంగు, పొడవు, నేసిన తేదీ గుణాలు. మొదట ల్యాబ్‌లో డెస్క్‌టాప్ మీద స్వింగ్‌తో చేశాను. తర్వాత అదే క్లాసును ఆండ్రాయిడ్‌లోకి తీసుకుపోయాను. తెర మీద బటన్లు, పెట్టెలు మాత్రం కొత్తగా చేసుకోవాల్సి వచ్చింది, చద్దరు క్లాస్ మారలేదు. ఇప్పుడు నాయిన ఫోన్‌లో వారం వారం లెక్క తెలుగులోనే చూసుకుంటున్నాడు. కూలి లెక్కలో తేడా వస్తే చూపించడానికి తన దగ్గర కూడా ఒక లెక్క ఉందని ఆయనకు ధైర్యం.

తెలుగు మీడియంలో చదివితే కంప్యూటర్ రాదని మా బంధువుల్లో చాలామంది అంటారు. నేను కూడా కొన్నాళ్ళు నమ్మాను. ఇంగ్లీషు నేర్చుకోవద్దని నేను అనడం లేదు, ఆ యాభై మాటలూ, పుస్తకాలు చదివేటంత ఇంగ్లీషూ కావాల్సిందే. కానీ "వి" అనేది ఒకే అక్షరమని యంత్రానికి చెప్పాలంటే, అది ఒకే అక్షరమని ముందు మనకు తెలిసి ఉండాలి. మొదటి తరగతిలో మా టీచర్ నేర్పిన గుణింతం లేకపోతే ఈ క్లాస్‌ను నేను రాయగలిగేదాన్ని కాదు.

మన బడిలో జావా నేర్చుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళకు ఒక పని చెప్తాను. మొదటి ప్రోగ్రాముకు "జలజ", "నటన" ఇచ్చి చూడండి. తర్వాత "కునుకు", "మందారదామం" ఇచ్చి చూడండి. ఏది ఒప్పుకుంటుంది, ఏది ఒప్పుకోదు, ఎందుకు అన్నది కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత మీ "అక్షరం" క్లాస్ మీరే రాయండి. ఎక్కడైనా ఆగిపోతే మధ్యాహ్నం సెలవులో నేను ల్యాబ్‌లోనే ఉంటాను, రండి.